పేర్లు కుడివైపున

ఇల్లు, కిటికీ పక్క బల్ల
వానలు మొదలైన వారం

పిచ్చుకకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదు. నువ్వు చేసిన ఫోన్లు కూడా మోగాయి. ఫోను లోపలి గదిలో ఉంటుంది. నేను వెళ్ళేలోపు ఆగిపోతోంది.

బాగానే ఉన్నాను. వంట నేర్చుకున్నాను. తినగలిగేలాగే ఉంటోంది.

ఒక పని పడి రాస్తున్నాను. నువ్వు ప్రెస్సులో డీటీపీ చేస్తావు కాబట్టి ఇది నీకే తెలుస్తుంది.

క్లబ్బులో పాత కంప్యూటర్ పోయింది. కొత్తది కొన్నారు. బాడ్మింటన్ పోటీలకి డ్రా వేసి స్కోరు షీట్లు ప్రింటు తీసే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది వేశారు. పాతదాంట్లో మీ అక్క షీటు ఉండేది. కొత్తది దాన్ని తెరవడం లేదు. ఇప్పుడు ప్రింటు ఇస్తే కంపెనీ వాళ్ళ షీటే వస్తోంది. పైన చేటంత లోగో. గళ్ళు బూడిదరంగు. అక్షరాలు చీమల బారు.

మీ అక్క షీటు నీకు గుర్తుండే ఉంటుంది. ఆటగాళ్ళ పేర్లు కుడివైపు ఉంటాయి. పాయింట్లు రాసే గళ్ళు పేరు దగ్గర మొదలై ఎడమవైపుకి నడుస్తాయి. మొదట తనే స్కేలు పెట్టి కాగితం మీద గీసింది. కంప్యూటర్ వచ్చాక నేను దాన్ని కొలిచి లోపల పెట్టాను. డ్రాయింగ్ ఆఫీసులో జీతం తిన్నవాణ్ణి, అర మిల్లీమీటరు తేడా రానివ్వలేదు. తను చూసి "బావుంది" అంది. అప్పటినుంచి మా హాల్లో ప్రతి ఆటా ఆ షీటు మీదే రాశారు.

వానలు తగ్గాక జరిగే క్లబ్బుల పోటీ ఈసారి మా హాల్లోనే. ఆలోపు ఆ షీటు తిరిగి రావాలి. మీ అక్క పోయాక ఆ హాల్లో తనది ఇంకేమీ మిగల్లేదు. తను స్కోరు రాస్తూ కూచునే కుర్చీ కూడా మార్చేశారు.

నింపిన పాత షీటు ఒకటి ఇందులో పెడుతున్నాను. ఆ అక్షరాలు ఏ ఫాంటో చూసి చెప్పు. ప్రింటులో కాగితం అడుగున గీత తెగిపోతోంది, ఎందుకో అది కూడా చెప్పు.

బావ


ప్రెస్సు, మిషన్ ఆగిన పూట

బావగారికి,

ఫోను లోపలి గదిలో ఉందని రాశారు. మీ ఇంట్లో ఉన్నవే రెండు గదులు. లోపలి గదికి బస్సెక్కి వెళ్తారా? సరే, ఉత్తరమన్నా వచ్చింది. అదే పదివేలు.

మీ షీటు అద్దం పెట్టి చూశాను. ఫాంటు పేరు విడిగా చీటీ మీద రాసి పెట్టాను. మీ కొత్త కంప్యూటర్‌లో ఉంటుంది, వెతకండి. లావు అక్షరం పెట్టకండి, పాత ప్రింటర్ సిరా ఎక్కువ పోసేది కాబట్టి లావుగా కనిపిస్తోంది, అంతే.

అడుగు గీత సంగతి. ఏ ప్రింటరూ కాగితం అంచుదాకా రాయలేదు. నాలుగు వైపులా కాస్త చోటు వదిలెయ్యాలి. పేజీ సెటప్‌లోకి వెళ్ళి అడుగు మార్జిన్ పెంచండి, గీత దానంతట అదే పైకొస్తుంది. డబుల్స్ ఆటలకి పేర్లు పొడుగవుతాయి. గడిలో పట్టకపోతే అక్షరం తగ్గేలా పెట్టండి, తెగేలా పెట్టకండి. మా ప్రొప్రైటరు ఒకసారి పెళ్ళికార్డులో పెళ్ళికొడుకు పేరు సగానికి తెగ్గొట్టాడు. ఇప్పటికీ ఆ వీధిలోంచి నడవడు.

వంట నేర్చుకున్నానని రాశారు. ఎవరు తిని చెప్పారు, బావుందని? మీ నాలుక మాట నేను నమ్మను. అక్క ఉప్పు మర్చిపోయిన రోజున కూడా "బానే ఉంది" అని తిని లేచిన మనిషి మీరు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. కంపెనీ షీట్లో లోగో పీకేసి, బూడిదరంగు తీసి నల్లగీతలు పెట్టి, అక్షరాలు పెంచితే సరిపోదా? పేర్లు కుడివైపే ఉండాలా?

వీలైతే ఫోను ముందుగదిలోకి తెచ్చుకోండి. దానికి కాళ్ళు లేవు.

పిచ్చుక


క్లబ్బు, ఆఫీసు గది

పిచ్చుకకు,

అడుగు గీత వచ్చింది. ఫాంటు సరిపోయింది. పేర్లు తెగడం లేదు.

గళ్ళ దగ్గర ఇబ్బందిగా ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ గళ్ళ వరుసని ఎడమనుంచి కుడికే నడిపిస్తుంది. తిప్పే దారి లేదు. అందుకని వరుస మొత్తం తీసేసి ఒక్కో గడినీ విడిగా పెడుతున్నాను. ఒక్కోదానికీ వెడల్పు, ఎత్తు, చోటు, అంకె. కుడి చివర ఒకటి రావాలి. ఎడమకి పోతూ అంకె పెరగాలి. కొంత చేసి ప్రింటు తీస్తాను. దాన్ని పాత షీటు మీద పెట్టి, రెండూ కిటికీ అద్దానికి ఆనించి వెలుగులో చూస్తాను. గీత మీద గీత పడితే ముందుకి. పడకపోతే మళ్ళీ మొదటికి.

కార్యదర్శి వచ్చి వెనక నిలబడ్డాడు. "ఇంత అవస్థ ఎందుకండీ, కంపెనీవాడు ఇచ్చిందే వాడేద్దాం" అన్నాడు. నేను తర్వాతి గడి కొలవడం మొదలెట్టాను. కాసేపుండి వెళ్ళిపోయాడు.

డ్రా గురించి మాట్లాడ్డానికి అవతలి క్లబ్బు అంపైరు వచ్చాడు. మేమంతా పొడుగాయన అంటాం. కిటికీకి ఆనించిన షీటు చూసి నవ్వాడు. "మళ్ళీ ఇదేనా గురువుగారూ! మీ క్లబ్బు స్కోరర్లని నేను మొహం చూసి పోల్చుకోను. కుడిచేతి చొక్కా అంచుకి సిరా ఉంటే మీవాళ్ళే" అన్నాడు. ఆయనకి ఎప్పుడూ వెటకారమే.

నువ్వు అడిగినదానికి జవాబు. పేర్లు కుడివైపే ఉండాలి. మీ అక్క అలా పెట్టింది.

బావ


ఇల్లు, వంటగది గడప మీద కూచుని

బావగారికి,

మీ ఉత్తరం చివరి ముక్క చదివాను. మీరు తలుపు వేసేశారని తెలుస్తూనే ఉంది. ఎడ్డెమంటే తెడ్డెమనడం మరదళ్ళ పని కాబట్టి మళ్ళీ తడుతున్నాను.

ఆ షీటు మీరెప్పుడైనా నింపారా?

కొలిచారు, పెట్టారు, ప్రింటు తీశారు, కట్టలు కట్టి బీరువాలో సర్దారు. అదంతా నాకు తెలుసు. ఆట నడుస్తుంటే బల్ల ముందు కూచుని పెన్నుతో నింపారా అని అడుగుతున్నాను.

మీకు చెప్పని కబురొకటి. చిన్నప్పుడు బళ్ళో టీచరు అక్క పుర్రచేతి మీద బెత్తంతో కొట్టేది. ఆవిడ చూస్తుంటే అక్క కుడిచేత్తో రాసేది, అటు తిరగ్గానే చెయ్యి మార్చేది. పుర్రచేత్తో ఎడమనుంచి కుడికి రాస్తే చెయ్యి తడి అక్షరాల మీదుగానే పోతుంది కదా. చిటికెన వేలి కింద అంతా నీలం. ఆ మరకే పట్టిచ్చేది. ఇంటికొస్తే దాన్ని చూసి అమ్మ మళ్ళీ కొట్టేది. ఒక మరకకి రెండు చోట్ల దెబ్బలు! నేను చూడలేక నా చేతికి కూడా సిరా పూసుకుని పక్కన నిలబడేదాన్ని. నాకూ పడేవి. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే పిచ్చుకా" అని అక్క ఏడుస్తూనే నవ్వేది. నాకు ఆ పేరు అప్పుడొచ్చిందే.

పెద్దయ్యాక కూడా బ్యాంకులో, ఆఫీసులో కుడిచేత్తోనే సంతకం పెట్టేది. కొట్టేవాళ్ళు లేకపోయినా. మీ క్లబ్బు బల్ల దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అనలేదని పుర్రచేత్తో రాసుకునేది.

ఇంతకంటే ఇప్పుడు రాయను. ఒక్కసారి ఆ బల్ల ముందు కూచోండి. తర్వాత ఉత్తరం రాయండి.

పిచ్చుక


క్లబ్బు, స్కోరర్ల బల్ల

పిచ్చుకకు,

షీటు పూర్తయింది. అద్దం మీద పెట్టి చూశాను. గీత మీద గీత పడింది.

నిన్న సాయంత్రం మా కుర్రవాళ్ళు ప్రాక్టీసు ఆట ఆడుతుంటే, స్కోరు నేను రాస్తానన్నాను. మాకు ఇద్దరు స్కోరర్లు. ఒకాయన టైలరు, ఒకాయనకి మందుల షాపు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. టైలరు కుర్చీ లాగి ఇచ్చాడు.

మొదటి పాయింటు కుడి చివరి గడిలో రాయబోయాను. నా చెయ్యి పేర్ల మీద పడింది. ఏ వరుస ఎవరిదో కనిపించలేదు. చెయ్యెత్తి చూసి రాశాను. రెండో పాయింటు దాని ఎడమ పక్కన. చెయ్యి మొదటి అంకె మీదుగా జరిగింది. ఆట జోరందుకున్నాక ఎత్తి చూసే తీరిక లేదు. ఒకరి పాయింటు ఇంకొకరికి వేశాను. గేమ్ అయ్యేసరికి కాగితం అలికినట్టుంది.

"మీరిన్నాళ్ళూ ఎలా రాశారు దీనిమీద?" అన్నాను.

"అలవాటు సార్" అన్నాడు టైలరు. "చెయ్యి గాల్లో ఉంచి రాస్తాం. నాకైతే మేడం నేర్పారు కాబట్టి ఆట రూలే ఇదనుకున్నా. ఓసారి బయటి పోటీకి వెళ్తే అక్కడ పేర్లు ఎడమవైపున్నాయి. షీట్లు తిరగేసి అచ్చేశారని వాళ్ళతో పెద్ద గొడవ పెట్టుకున్నా. నన్ను బయటికి పంపబోయారు."

మందుల షాపాయన నవ్వలేదు. "నాకు తెలుసు సార్. మేడంది ఎడమచేతి వాటం. మొదట్లో ఆవిడొక్కరే రాసేవారు, తన చేతికి వీలుగా గీసుకున్నారు. మేం తర్వాత వచ్చాం. ఈమధ్య మీతో చెబుదామనే అనుకున్నాం. మీరు కిటికీ దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటే నోరు రాలేదు."

"మరి పోటీకి?"

"ఎప్పట్లాగే సార్. మా ఆవిడ ముదురు రంగు చొక్కాలు రెండు ఇస్త్రీ చేసి పెట్టేసింది" అన్నాడు టైలరు.

మీ అక్క పుర్రచేత్తో రాస్తుందని నాకు తెలియక కాదు. ఇంట్లో ఒకే బల్ల దగ్గర ఇద్దరం రాసుకునేవాళ్ళం. మోచేతులు తగలకుండా తను నా ఎడమవైపు కూచునేది. ఇప్పటికీ నేను ఆ వైపు వదిలే కూచుంటాను. అయినా ఆ షీటుకీ ఆ చేతికీ ముడి పెట్టి ఎప్పుడూ చూడలేదు. తను గీసింది, నేను దించాను. కారణం అడగాలని తోచలేదు.

ఇంటికొచ్చి చెయ్యి చూసుకున్నాను. చిటికెన వేలి కింద నీలం. కడుక్కోలేదు.

పోటీ దగ్గరికొచ్చింది. ఈ షీటు పెడితే వాళ్ళకి కష్టం, పైగా వేరే క్లబ్బుల స్కోరర్లు కూడా వస్తున్నారు. తీసేస్తే మీ అక్కది ఇంకేం ఉండదు. నాకు పాలుపోవడం లేదు. నువ్వే చెప్పు.

బావ


ప్రెస్సు, అందరూ భోజనాలకి వెళ్ళాక

బావగారికి,

టైలరుగారి గొడవ చదివి పకపకా నవ్వాను. కింద మీరు చెయ్యి కడుక్కోలేదని ఉంది. ఆ తర్వాత పని సాగలేదు. ప్రొప్రైటరు వచ్చి "కంట్లో ఏం పడిందమ్మా" అంటే కాగితం పొడి అన్నాను.

నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. చెప్పొద్దని ఒట్టేయించుకుంది కాబట్టి ఇన్ని ఉత్తరాల్లోనూ చుట్టూ తిరిగాను. ఇప్పుడు ఒట్టు గట్టున పెడుతున్నాను.

అక్క చివరిసారి ఇక్కడికొచ్చినప్పుడు ప్రెస్సులో నా పక్కన స్టూలు మీద కూచుంది. నేనేదో బిల్లు పుస్తకం చేస్తున్నా. "ఒసేయ్ పిచ్చుకా, మా స్కోరు షీట్లో పేర్లు ఎడమవైపుకి మార్చాలంటే కష్టమా?" అంది.

"ఎందుకే? నీ చేతికి అదే కదా వీలు?"

"నా ఒక్కదాని చెయ్యి కోసం వాళ్ళందరి చేతులూ పాడవుతున్నాయే. ఆ టైలరు చొక్కా చూస్తే చిన్నప్పటి నేనే గుర్తొస్తున్నాను. నా మరక తీసుకెళ్ళి వాళ్ళకి అంటించాను."

"అయితే బావగారితో చెప్పు. చిటికెలో మార్చేస్తారు."

బల్ల మీది బిల్లు కాగితాలు సర్దింది. తర్వాత అంది కదా, "మార్చేస్తారు. అడగలేనే. నేను గీసినప్పుడు స్కేలు జరిగి అడుగు గీత కొంచెం వంకరపోయింది. ఆయన దాన్ని కూడా అలాగే దించారు. ఇదెందుకు సరిచెయ్యలేదంటే, 'నువ్వు గీసింది కదా' అన్నారు. ఆ మనిషి ప్రేమగా ఒక్క మాట అని ఎరగరు. చేసిచ్చింది అదొక్కటి. దాన్ని మార్చమని ఏ నోటితో అడగను?"

విన్నారుగా. ఆవిడ మీకోసం ఉంచింది. మీరు ఆవిడకోసం ఉంచారు. నడుమ పాపం టైలరుగారి చొక్కాలు పోయాయి.

ఇక పని సంగతి. మీరిప్పుడు చేసింది చెరపకండి. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని షీట్లయినా దాచుకోవచ్చు, ఏది కావాలంటే అది ప్రింటు తీసుకోవచ్చు. అక్క షీటుని కిటికీ అద్దానికి పెట్టి చూశానన్నారు కదా. ఈసారి దాన్ని వెనక్కి తిప్పి పెట్టండి. వెలుగులో చూడండి. పేర్లు ఎడమకొస్తాయి, గళ్ళు కుడికి నడుస్తాయి. కొలతలన్నీ అక్కవే. అటువైపునుంచి చూడ్డమే తేడా. దాన్ని దించండి.

ఇంకోటి. మీరు ఫోను ఎందుకు ఎత్తరో నాకు తెలుసనే అనుకుంటున్నాను. అడగను. చెప్పాలనిపించినప్పుడు చెబుదురుగాని.

పిచ్చుక


ఇల్లు, ముందుగది
పోటీ అయిన మర్నాడు

పిచ్చుకకు,

నువ్వు చెప్పినట్టే తిప్పి పెట్టాను. పొద్దుటి వెలుగు బాగా పడుతుంది ఆ కిటికీలో. పేర్లు ఎడమకొచ్చాయి. చాలాసేపు చూశాను. తర్వాత కొలతలు తీసుకున్నాను. ఈసారి గళ్ళని విడిగా పెట్టాల్సిన పని లేకపోయింది. సాఫ్ట్‌వేర్ వరుస అటే నడుస్తుంది కాబట్టి తొందరగా అయింది.

వంకర గీత రెండింట్లోనూ ఉంచాను. కార్యదర్శి చూసి "ఇది కొంచెం పక్కకి పోయినట్టుందండీ" అన్నాడు. "అది అలాగే ఉండాలి" అన్నాను.

టైలరు మొదటి ఆటకి తెల్లచొక్కా వేసుకొచ్చాడు. మెడలోంచి టేపు తీసి పక్కన పెట్టి, రాయడం మొదలెట్టాడు. అలవాటు చొప్పున చెయ్యి గాల్లోనే ఉంచాడు. మందుల షాపాయన మోచెయ్యి పట్టి బల్ల మీద ఆనించాడు. "దించవయ్యా, ఇంకేం అంటదు" అన్నాడు. పొడుగాయన చుట్టూ తిరిగి చూసి, "ఇదేం అన్యాయమండీ, అందరి చొక్కాలూ తెల్లగా ఉంటే ఇక మిమ్మల్నెలా పోల్చుకునేది?" అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

మధ్యాహ్నం రెండో కోర్టుకి అవతలి క్లబ్బు తరఫున ఒకావిడ స్కోరు రాయడానికి వచ్చింది. ఆసుపత్రిలో నర్సట. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కూచుని ఎడమచేత్తో పెన్ను తీసింది. నేను ఏమీ అనకుండా సొరుగు తీసి మీ అక్క షీటు ఆవిడ ముందు పెట్టాను.

"ఇదేంటండీ, తిరగబడి ఉంది?"

"రాసి చూడండి."

ఆట అయ్యేదాకా నేను పక్కనే నిలబడ్డాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. పేర్లు కనబడుతూనే ఉన్నాయి. సంతకం పెట్టాక ఆవిడ అరచెయ్యి తిప్పి చిటికెన వేలి కింద చూసుకుంది. శుభ్రంగా ఉంది. బొటనవేలితో ఒకసారి రుద్దుకుని కూడా చూసుకుంది.

"ఎవరు చేశారండీ ఇది?"

"మా ఆవిడ" అన్నాను.

"చాలా బాగుందని చెప్పండి ఆవిడకి."

"చెప్తాను" అన్నాను.

వెళ్తూ నాలుగు కాగితాలు అడిగి తీసుకుంది, వాళ్ళ క్లబ్బులో వాడుకుంటుందట. అడిగినన్ని ప్రింటు తీసిచ్చాను.

నువ్వు అడగనన్న సంగతి. నీ గొంతు మీ అక్క గొంతే. మీ ఇద్దరినీ గోడకి అవతలనుంచి వింటే ఎవరు మాట్లాడుతున్నారో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఒకసారి నువ్వొచ్చినప్పుడు తననుకుని నిన్ను టీ అడిగాను, నువ్వు ఏడాది పాటు ఎగతాళి చేశావు. తను పోయాక నువ్వు చేసిన మొదటి ఫోను ఎత్తాను. "హలో" అన్నావు. పెట్టేశాను. నువ్వు లైను కట్టయిందనుకుని ఉంటావు. అప్పటినుంచి మోగుతుంటే చూస్తూ నిలబడేవాణ్ణి.

ఫోను ఇప్పుడు ముందుగదిలో, బల్ల మీద, ఎడమవైపు పెట్టాను.

ఆదివారం పొద్దున చెయ్యి. ఎత్తుతాను. నువ్వే మాట్లాడు, నీకు మాటలకి కరువు లేదు. నేను కాసేపు ఏమీ అనలేకపోవచ్చు. వింటూ ఉంటాను. పెట్టెయ్యకు.

బావ